గడువు దాటిన గని సరుకు బజారుకు రాదు: బళ్లారి ఇనుప ఖనిజం నేర్పిన లెక్క

(మా వాణిజ్య ప్రతినిధి)

ఇనుప ఖనిజం ధరవరలను నడిపించేవి ఏవి అని అడిగితే వెనుకటి వర్తకులు మూడు మాటల్లో జవాబు చెప్పేవారు: చైనా గిరాకీ, ఓడ కిరాయి, రైలు వ్యాగన్లు. 2011 తర్వాత దక్షిణాది బజారులో నాలుగోది ఒకటి వచ్చి చేరింది. గని యజమాని పర్యావరణ ప్రణాళికలో ఒప్పుకున్న పని గడువులోగా పూర్తి చేశాడా లేదా అన్నదే అది. ఈ సంగతిని పట్టించుకోకుండా బయానాలు ఇచ్చిన వారు, దూరపు సరఫరా ఒప్పందాలు రాసుకున్న వారు ఎంత నష్టపోయిందీ బళ్లారి, హోస్పేట, సండూరు బజార్లకు బాగా తెలుసు. అనంతపురం జిల్లా సరిహద్దు గ్రామాలకూ, కృష్ణపట్నం రేవును నమ్ముకున్న ఎగుమతిదార్లకూ కూడా ఆ దెబ్బ తగిలింది.

గనుల వల్ల భూమికీ, నీటికీ, అడవికీ కలిగే నష్టాన్ని సరిచేయాలని చట్టంలో వుండటం కొత్త కాదు. గడువు తప్పితే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు మాత్రం బళ్లారిలో పూర్తిగా మారిపోయింది. ఆ మార్పు ఎలా వచ్చిందీ, బజారుపై దాని ఫలితం ఏమిటీ ఒకసారి పరిశీలించడం అవసరం.

సరఫరా ఆగిన తీరు

నిషేధానికి ముందు సంవత్సరాల్లో కర్ణాటక ఏటా సుమారు 4 కోట్ల టన్నుల ఇనుప ఖనిజాన్ని తవ్వుతూ వచ్చింది. అందులో సింహభాగం బళ్లారి జిల్లాది. లీజు హద్దులు దాటి తవ్వడం, మట్టిదిబ్బలను అడవి భూముల్లో పోయడం, పర్మిట్ లేకుండా సరుకు తరలించడం విచ్చలవిడిగా సాగాయి. రాష్ట్ర ప్రభుత్వం 2010 జూలైలో ఎగుమతులకు అడ్డుకట్ట వేసింది. 2011 జూలైలో లోకాయుక్త నివేదిక వెలువడింది. సమాజ పరివర్తన సముదాయ అనే సంస్థ 2009లో వేసిన పిటిషన్‌పై విచారణ జరుపుతున్న సుప్రీం కోర్టు 2011 జూలై 29న బళ్లారి జిల్లా గనులన్నింటినీ నిలిపివేసింది. ఆగస్టు 26న ఆ ఉత్తర్వును చిత్రదుర్గ, తుమకూరు జిల్లాలకు కూడా విస్తరించింది.

ఉక్కు కర్మాగారాలు ఒక్కసారిగా మూతపడకుండా కోర్టు రెండు వెసులుబాట్లు ఇచ్చింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ప్రభుత్వ రంగ సంస్థ ఎన్.ఎం.డి.సి. నెలకు 10 లక్షల టన్నులు తవ్వవచ్చునన్నది మొదటిది. గనుల వద్ద పడివున్న సుమారు 2.5 కోట్ల టన్నుల నిల్వలను పర్యవేక్షణ సంఘం ఆధ్వర్యంలో నెలకు 15 లక్షల టన్నుల వంతున ఎలక్ట్రానిక్ వేలంలో అమ్మాలన్నది రెండోది. ఆ వేలంలో పాడే హక్కు ఖనిజాన్ని వాడుకునే కర్మాగారాలకే దక్కింది. మధ్యలో కొని అమ్మే వర్తకుడికి చోటు లేదు. ఎగుమతికి అసలే లేదు.

లారీలు నెలల తరబడి వరుసలు తీరి నిలిచిపోయాయి. ఫైనాన్సు మీద బండ్లు కొన్నవారు వాయిదాలు కట్టలేకపోయారు. స్పాంజి ఐరన్ కొలుములు చల్లారాయి. అంతర్జాతీయ బజారులో 2011 ఆరంభాన టన్ను 180 డాలర్లకు అటూ ఇటూగా పలికిన ఖనిజం 2012 సెప్టెంబరులో 90 డాలర్ల కంటే దిగువకు జారింది. కేంద్ర ప్రభుత్వం 2011 డిసెంబరు చివరలో ఎగుమతి సుంకాన్ని 30 శాతానికి పెంచింది. నిషేధం, సుంకం, ధరల పతనం అన్నీ ఒకే కాలంలో వచ్చిపడటంతో తట్టుకునే శక్తి లేని చిన్న ఎగుమతిదార్లు బజారు నుంచి తప్పుకున్నారు.

మూడు తరగతుల లెక్క

కోర్టు నియమించిన కేంద్ర సాధికార సంఘం మూడు జిల్లాల్లోని లీజులను కొలిపించి, 2012 ఫిబ్రవరి 3న తన నివేదికలో 166 లీజులను మూడు తరగతులుగా విడగొట్టింది. అక్రమాలు లేనివి, నామమాత్రంగా వున్నవి 45 లీజులు “ఏ” తరగతి. హద్దు దాటి తవ్విన గుంతలు లీజు విస్తీర్ణంలో 10 శాతం వరకు, పోసిన మట్టిదిబ్బలు 15 శాతం వరకు వున్న 72 లీజులు “బి” తరగతి. అంతకు మించినవి 49 లీజులు “సి” తరగతి. 2013 ఏప్రిల్ 18న వెలువడిన తీర్పులో “సి” తరగతి లీజులను కోర్టు రద్దు చేసింది.

“ఏ”, “బి” తరగతుల వారు తిరిగి తవ్వుకోవాలంటే ఒక్కొక్క గనికీ విడిగా పునరుద్ధరణ, పునరావాస ప్రణాళిక వుండి తీరాలి. వ్యాపార వర్గాల్లో దీనిని ఆర్ అండ్ ఆర్ ప్రణాళిక అంటారు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ పరిశోధన, విద్యా మండలి ఈ ప్రణాళికలు తయారు చేసింది. దిబ్బల అడుగున అడ్డుగోడలు, వాననీరు పారే కాలువలు, వాగులపై చిన్న ఆనకట్టలు, బురద పేరుకునే గుంటలు, దిబ్బలపై కొబ్బరి పీచు పరుపులు, ఆ నేలకు తగిన చెట్లు, దుమ్ము లేవకుండా రోడ్లపై నీరు చల్లడం వంటి పనులన్నీ ఇందులో పటాలతో సహా వుంటాయి. ఏ పని ఎప్పటికి పూర్తి కావాలో కూడా అందులోనే వుంటుంది.

“బి” తరగతికి షరతు మరింత గట్టిది. హద్దు దాటి తవ్విన గుంతకు హెక్టారుకు రు. 5 కోట్లు, హద్దు దాటి పోసిన దిబ్బకు హెక్టారుకు రు. 1 కోటి వంతున పరిహారం కట్టాలి. ఆక్రమించిన ఆ చోటును ముందుగా బాగుచేయాలి. ఆ తర్వాతనే తవ్వకం. రెండు హెక్టార్ల గుంత వున్న లీజుదారు రు. 10 కోట్లు చెల్లించి, గోడలు కట్టి, తనిఖీలో నెగ్గిన పిమ్మటనే పర్మిట్ అడగాలన్న మాట. 2012 సెప్టెంబరు 3న మొదటి విడతగా “ఏ” తరగతి గనులు 18 తెరుచుకోవడానికి కోర్టు అనుమతి ఇచ్చింది. అదే నెల చివరలో “బి” తరగతికి దారి ఏర్పడింది.

ప్రణాళికే ఉత్పత్తికి కొలత

బజారుకు అన్నింటికంటే ముఖ్యమైన అంశం ఇక్కడ వున్నది. ఈ ప్రణాళికల్లో ఒక్కొక్క గని ఏటా ఎంత తవ్వవచ్చునో మూడు విషయాలను బట్టి నిర్ణయించారు: భూమిలో వున్న నిల్వ ఎంత, లీజు హద్దు లోపల మట్టిదిబ్బ పోయడానికి చోటు ఎంత, సరుకు తరలించడానికి రోడ్డు, రైలు సౌకర్యం ఎంత. ఈ మూడింటిలో ఏది తక్కువైతే గని ఉత్పత్తికి అదే పరిమితి. కాబట్టి ఖనిజం దండిగా వున్నప్పటికీ దిబ్బకు చోటు లేని గని ఎక్కువ సరుకు ఇవ్వలేదు.

జిల్లాల మొత్తానికీ పరిమితి పెట్టారు. 2013 తీర్పు నాటికి బళ్లారికి ఏటా 2.5 కోట్ల టన్నులు, చిత్రదుర్గ, తుమకూరులకు కలిపి 50 లక్షల టన్నులుగా వున్న ఈ హద్దును 2017 డిసెంబరులో 2.8 కోట్లకు, 70 లక్షలకు పెంచారు. 2022 ఆగస్టు 26న బళ్లారికి 3.5 కోట్ల టన్నులు, మిగిలిన రెండు జిల్లాలకు 1.5 కోట్ల టన్నులుగా సవరించారు. పదేళ్లలో మూడు కోట్ల నుంచి అయిదు కోట్ల టన్నులకు పెరిగిందంటే ఇందులో గిరాకీ పాత్ర కొంత వున్నది. బాగుచేత పనులు నేల మీద కనిపించడం కూడా ఇందుకు కారణమే. కోర్టు ముందు పరిమితి పెంచమని అడిగిన ప్రతిసారీ ప్రణాళికల అమలు ఎంతవరకు వచ్చిందన్న ప్రశ్న ఎదురవుతూ వచ్చింది.

ఏ గడువు పనిచేసింది, ఏది చేయలేదు

గడువులు బళ్లారితోనే పుట్టలేదు. 2003లో ఖనిజ సంరక్షణ నిబంధనలను సవరించి, అప్పటికే నడుస్తున్న ప్రతి గనీ 180 రోజుల్లోగా దశలవారీ గని మూసివేత ప్రణాళిక సమర్పించాలన్నారు. గని పూర్తిగా మూసే ఉద్దేశం వుంటే ఏడాది ముందే తుది ప్రణాళిక ఇవ్వాలన్నారు. మాట తప్పితే జప్తు చేసుకోవడానికి ఆర్థిక హామీ తీసుకున్నారు. కానీ ఆ హామీ పెద్ద గనులకు హెక్టారుకు రు. 25,000, చిన్న గనులకు రు. 15,000 మాత్రమే. ఒక దిబ్బ అడుగున అడ్డుగోడ కట్టే ఖర్చుతో పోలిస్తే ఇది చిల్లర డబ్బు. హామీ పోగొట్టుకోవడమే లాభం అనిపించే గడువును ఎవరు లక్ష్యపెడతారు?

ప్రభుత్వం ఈ లోపాన్ని ఆలస్యంగానైనా గుర్తించింది. 2017 నిబంధనల్లో పెద్ద గనులకు హెక్టారుకు రు. 3 లక్షలు, చిన్న గనులకు రు. 2 లక్షలు చేసింది. 2021లో వాటిని రు. 5 లక్షలు, రు. 3 లక్షలుగా పెంచి, తుది మూసివేత ప్రణాళిక గడువులోగా ఇవ్వని వారి హామీని జప్తు చేసే నిబంధన చేర్చింది. వంద హెక్టార్లు వాడుకలో వున్న పెద్ద గనికి 2003 లెక్కన రు. 25 లక్షలు సరిపోయేది. 2021 లెక్కన రు. 5 కోట్లు కావాలి. ఇరవై రెట్లు పెరిగినట్లు.

అయినా బళ్లారి పద్ధతికి, దీనికి తేడా వున్నది. ఏటా 10 లక్షల టన్నులు తవ్వే గనిని ఉదాహరణగా తీసుకుందాం. టన్ను రు. 3,000 పలికితే నెలకు సుమారు రు. 25 కోట్ల అమ్మకం. పర్మిట్ ఒక్క నెల ఆగితే అంత అమ్మకం ఆగుతుంది. అయిదు కోట్ల హామీ ఎప్పుడో జప్తు అవుతుందన్న భయం కంటే రేపటి నుంచి లారీ వేబ్రిడ్జి ఎక్కదన్న భయం వెంటనే పనిచేస్తుంది. నోటీసుతో ముగిసే గడువును లీజుదారు వాయిదా వేస్తాడు. పర్మిట్‌తో ముడిపడిన గడువును వాయిదా వేయడు.

ఒడిశాలో కూడా ఇదే రుజువయింది. పర్యావరణ అనుమతి లేకుండా, లేదా అనుమతికి మించి తవ్విన ఖనిజానికి నూటికి నూరు శాతం విలువ కట్టాలని 2017 ఆగస్టు 2న సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. డబ్బు చెల్లించడానికి ఆ ఏడాది డిసెంబరు 31 గడువు. చెల్లించని గనులు నూతన సంవత్సరంలో పని ఆపవలసి వచ్చింది. ఎంత కట్టాలో, ఏ తేదీలోగా కట్టాలో, కట్టకపోతే ఏమవుతుందో మూడూ స్పష్టంగా వున్నందున పెద్ద సంస్థలు గడువులోపలే సొమ్ము జమ చేశాయి.

గోవా అనుభవం ఇందుకు భిన్నం. 2012 అక్టోబరులో కోర్టు అక్కడి గనులను ఆపింది. 2014 ఏప్రిల్‌లో ఏటా 2 కోట్ల టన్నుల హద్దుతో అనుమతించింది. రాష్ట్ర ప్రభుత్వం పాత లీజులనే తొందరగా పునరుద్ధరించడంతో 2018 ఫిబ్రవరి 7న 88 లీజుల పునరుద్ధరణ రద్దయింది. మార్చి 15తో పని ఆపమన్నారు. అక్కడ మంచి గని, చెడ్డ గని అన్న తేడా లేకుండా అన్నీ మూతపడ్డాయి. గనిగనికీ లెక్క కట్టి గడువు పెట్టే పద్ధతి లేనిచోట తుదకు అందరికీ ఒకే శిక్ష పడుతుందనడానికి గోవా ఉదాహరణ.

లీజుదార్ల మొర

గడువుల విషయంలో గని యజమానుల వాదనలో నిజం లేకపోలేదు. మొక్కలు నాటడానికి తొలకరి వానలు కావాలి. ప్రణాళికకు ఆమోదం అక్టోబరులో వస్తే నాటడానికి మరుసటి జూన్ దాకా ఆగాలి. కొత్తగా పోసిన దిబ్బ కుదురుకోకముందే దాని మీద గడ్డి పెంచమంటే మొదటి పెద్ద వానకే కొట్టుకుపోతుంది. గోడలు, కాలువలు మాత్రం వానలకు ముందే పూర్తి కావాలి. పనులన్నింటికీ ఒకే తేదీ పెట్టడం కంటే పని స్వభావాన్ని బట్టి గడువు పెట్టడం సబబు.

కాగితాల జాప్యం ఇంకొకటి. ఒకే గనికి అటవీ అనుమతి, పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి, గనుల ప్రణాళిక ఆమోదం, ఆర్ అండ్ ఆర్ ఆమోదం వేర్వేరు కార్యాలయాల నుంచి రావాలి. “ఏ” తరగతి గనులకు సైతం 2012లో అనుమతి వచ్చినా, అన్నీ ఒకేసారి తెరుచుకోలేదు. తప్పు చేయని లీజుదారు మూతపడి కూర్చోగా వడ్డీ మాత్రం ఆగలేదు.

అయితే ఈ మొరలకు ఎదురుగా నిలిచే లెక్క కూడా వున్నది. గోడ కట్టినవాడు, దిబ్బ హద్దులో పోసినవాడు టన్నుకు కొంత అదనంగా ఖర్చు పెడతాడు. కట్టనివాడు ఆ మేరకు ధర తగ్గించి అమ్మగలడు. గడువు అమలు కాకపోతే బజారులో నిలిచేది రెండోవాడే. 2010కి ముందు బళ్లారిలో జరిగింది ఇదే. గడువు కచ్చితంగా అమలయితే నిజాయితీగల అమ్మకందారుకు మేలు. అతని దగ్గర కొనేవారికీ మేలు. కొండ దిగువన ఎర్రమట్టి మేట వేసిన పొలాల రైతు సంగతి చెప్పనక్కరలేదు.

ప్రభుత్వానికి గడువు లేదా?

లీజుదార్లకు గడువు పెట్టిన వ్యవస్థ తనకు తాను పెట్టుకోలేదన్న విమర్శ బలమైనది. వేలంలో అమ్మిన ఖనిజం ధరలో “ఏ” తరగతి గనుల నుంచి 10 శాతం, “బి” తరగతి నుంచి 15 శాతం గనుల ప్రాంతం పునరుద్ధరణ నిధికి మళ్లించారు. టన్ను రు. 3,000 పలికితే రు. 300, లేదా రు. 450 అటు పోయేవి. రాయల్టీ, 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి వీటికి అదనం. తుదకు ఈ భారమంతా ఖనిజం కొన్న కర్మాగారం ధరలోనే కలిసింది.

ఆ డబ్బు ఖర్చు పెట్టడానికి కర్ణాటక గనుల పర్యావరణ పునరుద్ధరణ సంస్థను 2014లో నెలకొల్పారు. నిధిలో వేల కోట్లు పోగుపడ్డాయి. కానీ రు. 24,996 కోట్ల సమగ్ర ప్రణాళికకు కోర్టు ఆమోదం లభించింది 2022లో. పనులపై పర్యవేక్షణకు సుప్రీం కోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డిని నియమించారు. గని యజమాని వానల్లోగా కాలువ తవ్వకపోతే పర్మిట్ ఆగింది. అతని నుంచి వసూలైన సొమ్ముతో ఊళ్లకు నీరు, ఆసుపత్రి, రోడ్డు రావడానికి మాత్రం పదేళ్లు ఆమోదమే కావలసి వచ్చింది. వసూలుకు గడువు, ఖర్చుకు గడువు లేకపోవడం న్యాయం కాదన్న వ్యాపార వర్గాల వాదనను తోసిపుచ్చడం కష్టం.

సరిహద్దు గనులు

అనంతపురం జిల్లా డి. హీరేహాళ్ మండలం ఓబుళాపురం గనుల కథ పాఠకులకు తెలిసినదే. 2009లోనే అక్కడ తవ్వకాలు ఆగాయి. రెండు రాష్ట్రాల హద్దు రాళ్లు ఎక్కడ వుండాలన్న వివాదం తేలేవరకు కర్ణాటక వైపు సరిహద్దులోని ఏడు లీజులను కూడా కోర్టు పక్కన పెట్టింది. హద్దు ఏదో తేలనిచోట దిబ్బ హద్దు లోపల వుందా, బయట వుందా అని చెప్పగలవారు ఎవరూ లేరు. ఆర్ అండ్ ఆర్ ప్రణాళిక గీయడానికి మొదట కావలసింది సరైన సర్వే పటం. సర్వే లేని గనికి గడువు పెట్టినా అమలు చేయలేరు.

వర్తకులు గమనించవలసినవి

2022 మే 20న కోర్టు ఎలక్ట్రానిక్ వేలం నిర్బంధాన్ని తొలగించింది. తవ్విన ఖనిజాన్ని నేరుగా ఒప్పందాలపై అమ్ముకోవచ్చునని, ఎగుమతి చేయవచ్చునని అనుమతించింది. పదకొండేళ్ల తర్వాత వర్తకుడికి తిరిగి చోటు దొరికింది. ఆ సంతోషం తీరకముందే కేంద్రం మే 22 నుంచి ఎగుమతి సుంకాన్ని 50 శాతం చేసింది. నవంబరులో దానిని ఉపసంహరించి, 58 శాతం లోపు ఇనుము వున్న ఖనిజానికి సుంకం ఎత్తివేసి, పై రకానికి 30 శాతం చేసింది.

నేరుగా కొనే స్వేచ్ఛ వచ్చిందంటే, గని మంచిచెడ్డలు చూసుకునే బాధ్యత కూడా కొనుగోలుదారు మీద పడిందన్న మాట. వేలం రోజుల్లో సరుకు పర్యవేక్షణ సంఘం చేతి మీదుగా వచ్చేది. ఇప్పుడు ఒప్పందం రాసుకునే ముందు ఈ కింది విషయాలు చూసుకోవడం మంచిది.

ఒకటి, గని వార్షిక పరిమితి ఎంత, ఆర్థిక సంవత్సరంలో అప్పటికే ఎంత తవ్వారు. జనవరి నాటికి పరిమితి అయిపోయిన గని ఫిబ్రవరి, మార్చి సరుకుకు మాట ఇచ్చినా నిలబెట్టుకోలేదు.

రెండు, ప్రణాళికలోని గోడలు, కాలువల పని వానలకు ముందు ఏ దశలో వున్నది. మే నెలలో పని సగంలో వున్న గనిపై జూలై, ఆగస్టు సరఫరా ఆధారపడటం ప్రమాదం.

మూడు, అటవీ, పర్యావరణ అనుమతుల ముగింపు తేదీలు. ఒప్పందం కాలం అనుమతి కాలాన్ని మించకూడదు.

నాలుగు, వేలంలో చేతులు మారిన పాత “సి” తరగతి గని అయితే, కొత్త లీజుదారు పాత దిబ్బల బాగుచేతను ఎంతవరకు చేపట్టాడు. యజమాని మారినా కొండ మీది దిబ్బ మారదు.

అయిదు, బయానా మొత్తాన్ని ఒకేసారి ఇవ్వకుండా పర్మిట్లతో ముడిపెట్టి విడతలుగా ఇవ్వడం. పర్యావరణ కారణాలతో పని ఆగితే డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి రావాలో ఒప్పందంలో రాసుకోవడం. దీనిని దైవాధీనం కింద జమకట్టే పాత అలవాటు వుంది. గడువు తప్పడం లీజుదారు చేతిలోని పని గనుక ఆ అలవాటు మానుకోవాలి.

బ్యాంకులు కూడా గని అప్పులకు ఖనిజం నిల్వనే హామీగా చూడక, ఈ కాగితాలు అడగడం మేలు. బజారులో సరుకు నాణ్యతను ఇనుము శాతంతో కొలుస్తారు. సరఫరా నాణ్యతకు మాత్రం గని గడువుల చరిత్రే కొలత. వరుసగా మూడు వానాకాలాలు పర్మిట్ ఆగకుండా నడిచిన గని సరుకుకు టన్నుకు కొంత ఎక్కువ ఇచ్చినా, సంవత్సరాంతాన లెక్క చూసుకుంటే అదే చౌక.